ఇల్లు కట్టి చూడు – డెల్టా నేల చెప్పిన పాఠం



‘ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు’ అన్న సామెతను ముప్పయ్యేళ్ళకు పైగా పిల్లలకు బోధించాను. ‘రెండును కష్టసాధ్యములైన కార్యములు’ అని నల్లబల్ల మీద వ్రాసి, సొంతవాక్యంలో ప్రయోగించమని గద్దించిన వాణ్ణి. ఇద్దరు పిల్లల పెళ్ళిళ్ళు చేశాక సామెతలో సగం అర్థమైంది. 2019లో పదవీ విరమణ చేసి, ఆ ఏడు కార్తికమాసంలో బందరులో అయిదు సెంట్ల స్థలంలో శంకుస్థాపన చేసి, 2021 శ్రావణంలో పాలు పొంగించేసరికి తక్కిన సగమూ అర్థమైంది.

ఈ మధ్య నా పూర్వవిద్యార్థి ఒకడు బెంగుళూరు నుంచి ఫోను చేశాడు. “మాస్టారూ, గుడివాడ దగ్గర మా నాన్నగారిచ్చిన స్థలంలో ఇల్లు కట్టుకుందామనుకుంటున్నాను. చదరపుటడుగుకు ఎంతవుతుందండీ?” అని అడిగాడు. “అది ఆఖరున అడగవలసిన ప్రశ్న నాయనా. మీ స్థలం రోడ్డుకు ఎన్ని అడుగుల పల్లంలో ఉంది?” అన్నాను. తెలియదన్నాడు. “తవ్వితే ఏ మట్టి వస్తుంది?” తెలియదు. “అక్కడ బోరునీళ్ళు తీపా, ఉప్పా?” అదీ తెలియదు. ముందరి వైపు ఎలివేషన్ ఎట్లా ఉండాలో మాత్రం బొమ్మ సిద్ధంగా ఉందట. నా ఫోనుకు పంపించాడు. బొమ్మ చాలా బాగుంది.

వాణ్ణి తప్పు పట్టను. నేనూ అట్లాగే మొదలుపెట్టాను. అందుకే ఈ టపా. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మన దిగువ కృష్ణా డెల్టాలో ఇల్లంటే కంటికి కనబడేది కాదు. మట్టి కింద, గోడ లోపల, స్లాబు కడుపులో దాగి ఉన్నదే అసలు ఇల్లు. మనం డబ్బంతా కనబడేదానికి పోసి, కనబడని దగ్గర పిసినారులమవుతున్నాము. హైదరాబాదులోనో అనంతపురంలోనో రాతినేల మీద ఆ పొరపాటుకు క్షమాపణ దొరకవచ్చు. బందరులో, గుడివాడలో, దివిసీమలో దొరకదు.

‘కట్టు’ అన్న క్రియ మీద ఒక చిన్న ముచ్చట. తాళి కట్టడం, జోలె కట్టడం, గుడిసె కట్టడం – అన్నిటిలోనూ ఉన్నది బంధించడమే. తాటాకు ఇళ్ళ రోజుల్లో నిట్రాడుకు దూలాన్ని, దూలానికి వాసాలను, వాసాలకు తాటాకును నిజంగానే తాళ్ళతో కట్టేవారు. తీరంలోని చుట్టిళ్ళు గుండ్రంగా, చూరు నేలకు వంగినట్టు ఉండేవి. గాలికి పట్టు చిక్కేది కాదు. ఇప్పుడు తాళ్ళు పోయి ఇనుపచువ్వలు వచ్చాయి. కట్టు సడలితే ఇల్లు నిలవదన్న మాట మాత్రం మారలేదు.

మెరక

మా స్థలం రోడ్డుకు రెండున్నర అడుగుల పల్లంలో ఉండేది. కొన్న రోజున ఆ సంగతి నాకు పట్టలేదు. ఒక వానకు మోకాటిలోతు నీళ్ళు నిలిచి, కప్పలు గోష్ఠి పెట్టాక పట్టింది. ‘నీరు పల్లమెరుగు’ అన్న సామెత కూడా నేను బోధించినదే!

లెక్క చూడండి. సెంటు అంటే 48.4 చదరపు గజాలు. అయిదు సెంట్లు 242 గజాలు, అంటే 2178 చదరపుటడుగులు. రోడ్డుకు అర అడుగు పైకి రావాలంటే మూడడుగుల మెరక పోయాలి: 6534 ఘనపుటడుగులు. ట్రాక్టరు ట్రక్కుకు సుమారు 100 ఘనపుటడుగులు పట్టాయనుకుంటే 65 ట్రక్కులు. పోసిన మట్టి తడిసి అణిగాక మళ్ళీ పోయవలసి వచ్చింది. మొత్తం ఎనభై ట్రక్కుల బుసక మింగింది మా స్థలం. ఇటుక ఒక్కటి పేర్చకముందే తొంభైవేల రూపాయలు భూమిలో కలిశాయి. ఎవరికీ చూపించుకోలేని ఖర్చు అది. చుట్టాలు వచ్చినప్పుడు ‘మా మెరక చూశారా?’ అని ఎవరమూ అనము కదా.

ఇందులో రెండు మెలకువలు. మొదటిది: మెరక మట్టి మీద పునాది నిలపకూడదు. మెరకను దాటి, అసలు నేల గట్టిపడిన చోటుదాకా గోతులు దిగాలి. మెరక ఇంటి చుట్టూ నీరు నిలవకుండా ఉండటానికే గాని ఇంటిని మోయడానికి కాదు. రెండవది: మట్టిని ఒక్కసారిగా గుమ్మరించకుండా పొరలుపొరలుగా పోసి, తడిపి, దిమ్మిస కొట్టించాలి. వీలైతే ఒక వానకాలం దాన్ని అట్లా వదిలేయడం మరీ మంచిది.

మరొక సంగతి. మన ఊళ్ళలో రోడ్డు వేసిన ప్రతిసారీ పాత రోడ్డు మీదే కొత్త రోడ్డు వేస్తారు. పదిహేనేళ్ళలో రోడ్డు అడుగో అడుగున్నరో లేస్తుంది. ఇల్లు ఎక్కడిదక్కడే ఉంటుంది. మా పాత అద్దె ఇంటి అరుగు ఒకప్పుడు వీధికి నడుమెత్తున ఉండేదని ఇంటివారు చెప్పేవారు. మేము చేరేనాటికి వీధిలోంచి లోపలికి దిగి వెళ్ళేవాళ్ళం. కాబట్టి ఇంటి మట్టాన్ని నేటి రోడ్డును చూసి కాదు, మన మనుమల కాలపు రోడ్డును ఊహించి నిర్ణయించాలి.

ఇక్కడే నేను తప్పటడుగు వేయబోయాను. గచ్చు మట్టం రోడ్డుకు మూడడుగుల ఎత్తున అనుకున్నాము. అంటే ఆరు మెట్లు. గోడలు లేచేవేళకు చేతిలో డబ్బు తరుగుతోంది. నాకేమో చెక్కడపు పనితో టేకు సింహద్వారం పెట్టించాలని మనసు. దానికి నలభైవేలు అదనం. మట్టం ఒక అడుగు తగ్గిస్తే ఇంచుమించు అంత మిగులుతుంది. ఈ ఉపాయం మా తాపీమేస్త్రీకి చెప్పాను.

ఆయన చేతిలోని తాపీ బొచ్చెలో పెట్టి, “మాస్టారూ, ద్వారం తగ్గించుకోండి. మట్టం తగ్గించమనకండి” అన్నాడు.

“ఒక్క అడుగే కదా మేస్త్రీ గారూ.”

“ద్వారం రేపైనా మార్చుకోవచ్చండి. ఇల్లెక్కిన తరవాత ఇంటిని ఎత్తలేం కదండీ. కాదంటే ఇంకొకళ్ళని చూసుకోండి, నేను మాత్రం దించను.”

కూలి తీసుకునే మనిషి పని పోయినా ఫరవాలేదన్నాడంటే ఆలోచించవలసిన మాటే. సాదా వేపతలుపుతో సరిపెట్టుకున్నాను. ఆయన ఎందుకంత పట్టుబట్టాడో తరువాత తెలిసింది. ఆ సంగతి చివర చెబుతాను.

నల్లరేగడి

గుడివాడ వైపు నేల వేరు. అక్కడ లోతైన నల్లరేగడి. వరికి అమ్మ వంటి ఆ మట్టి ఇంటికి సవతితల్లి. వానకు ఉబ్బుతుంది; వేసవికి కుంచించుకొని, చెయ్యి పట్టేంత బీటలు వారుతుంది. ఏటా ఒకసారి పైకెత్తి, ఒకసారి కిందికి దించే నేల మీద గోడ ఎంతకాలం ఓర్చుకుంటుంది?

మా బావగారు గుడివాడ శివారులో 2008 ప్రాంతంలో ఇల్లు కట్టారు. నాలుగడుగుల గోతులు తీసి, ఇటుక పునాది మీద గోడలు లేపి, డబ్బంతా పాలరాతి గచ్చుకు పెట్టారు. మూడవ వేసవికి కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పగుళ్ళు బయలుదేరాయి. నేను చూడటానికి వెళితే, “రండి బావగారూ, మా ఇల్లు వేసవిలో నోరు తెరుస్తుంది, వానల్లో మూస్తుంది. చాతుర్మాస్య దీక్ష పట్టింది” అన్నారు నవ్వుతూ. ఏటా సిమెంటు పూస్తారు, ఏటా పగులుతుంది. పగులు గోడది కాదు, నేలది. పైపూత ఏం చేస్తుంది?

దీనికి మందు లేకపోలేదు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ వారు నల్లరేగడి కోసమే అడుగున ఉబ్బెత్తుగా ఉండే పైళ్ళను ఎప్పుడో రూపొందించారు. అండర్‌రీమ్‌డ్ పైళ్ళంటారు. తలకిందులుగా పెట్టిన గరాటులా అడుగు వెడల్పుగా ఉంటుంది. సుమారు మూడున్నర మీటర్ల లోతుకు, అంటే ఎండావానల ప్రభావం అందని చోటికి దిగి, అక్కడ పాదం మోపుతాయి. పై మట్టి ఉబ్బినా, కుంగినా ఇల్లు కదలదు. పైళ్ళన్నిటినీ ప్లింతుబీముతో ఒక్కటిగా కడతారు. ఏ స్థలానికి ఏ పునాది తగునో మట్టి పరీక్ష చేసిన ఇంజనీరు చెప్పాలి. పక్కింటివారు వేశారని మనమూ అదే వేయకూడదు. పరీక్షకయ్యే సొమ్ము ఇంటి ఖర్చులో ఎన్నో వంతు? గృహప్రవేశం భోజనాల్లో మిఠాయి ఖర్చుతో సరి.

ఇంకొక మాట. గుడివాడ, నందివాడ, కైకలూరు ప్రాంతాల్లో వరిచేలు చేపల చెరువులయ్యాయి. చెరువుగట్టు పక్కన స్థలం చవకగా వస్తోందని ఆశపడేవారున్నారు. ఏడాది పొడుగునా పక్కన నీరు నిలిచి ఉంటే ఆ నేల తడి ఏ కాలానికీ ఆరదు. గట్లు వరదకు అడ్డుపడతాయి కూడా. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ మాట అందరూ విన్నారు. దిగువన నందివాడ మండలంలో ఇళ్ళు నీళ్ళలో ఉన్న సంగతి అంతగా వినబడలేదు. అదే వేళ ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు దిగువకు వచ్చింది. ఇల్లు కట్టేవారు ఆ ఏడు ఎక్కడిదాకా నీరు వచ్చిందో ఊళ్ళో పెద్దలను అడిగి, ఆ గుర్తుకు పైన గచ్చు ఉండేటట్టు చూసుకోవాలి.

వాస్తు సంగతి అడుగుతారేమో. పండితశిక్షణ పొందినవాణ్ణి గనుక శాస్త్రాన్ని తోసిపుచ్చను. కాని ఒక్కటి గమనించండి. ఆరవ శతాబ్ది నాటి వరాహమిహిరుడు బృహత్సంహితలో వాస్తువిద్య చెబుతూ భూపరీక్ష కూడా చెప్పాడు. మూరెడు గొయ్యి తవ్వి, ఆ మట్టితోనే దాన్ని పూడ్చమన్నాడు. మట్టి మిగిలితే నేల మంచిది, సరిపోతే మధ్యమం, చాలకపోతే చెడ్డది. ఆ గోతినే నీటితో నింపి, నూరడుగులు నడిచి తిరిగి వచ్చి చూడమన్నాడు. నీరు తగ్గకపోతే నేల మంచిదట. ఈనాటి మట్టి పరీక్షకు అది సాటి అననుగాని, ఉద్దేశం అదే – నేలను అడగకుండా ఇల్లు మొదలుపెట్టవద్దని. మన వాస్తువాదులు ఈశాన్యం పట్టుకొని భూపరీక్ష వదిలేశారు. మా వీధిలో ఒకరు మెట్లు దిశ మారాయని కొట్టించి మళ్ళీ కట్టించారు. ఆ ఇంటి పునాది ఎంత లోతో ఆయనకే తెలియదు.

ఉప్పు

బందరుకు సముద్రం ఎంత దూరమో మన ఇంటి బోరును అడిగితే చెబుతుంది. చాలా వీధుల్లో బోరునీళ్ళు ఉప్పన. ఆ నీటితో స్నానానికే జంకుతాము. సిమెంటు కలపడానికి మాత్రం ‘నీళ్ళే కదా’ అంటాము.

దాని ఫలితం వెంటనే కనబడదు. ఉప్పులోని క్లోరైడు కాంక్రీటులోపలి ఇనుముకు తుప్పు పట్టిస్తుంది. తుప్పుకు ఇనుముకంటే ఎక్కువ చోటు కావాలి. లోపల చోటు చాలక కాంక్రీటును పగలదోస్తుంది. పదేళ్ళకు స్లాబు అడుగున పెచ్చులు ఊడి, ఎర్రని చువ్వలు బయటపడతాయి. బందరులో పాతికేళ్ళయినా నిండని డాబాలు ఎన్ని ఇట్లా ఉన్నాయో తల పైకెత్తి చూడండి. అదే ఊళ్ళో గుల్లసున్నం, గానుగసున్నంతో కట్టిన పాత గోడలు ఇంకా నిలిచి ఉన్నాయి. పూర్వులు మహానుభావులని నేననడం లేదు; వారి గోడలో తుప్పు పట్టడానికి ఇనుము లేదంతే. ఇనుమును లోపల పెట్టుకున్నవారికి దాన్ని కాపాడే బాధ్యత కూడా ఉంటుంది.

భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 456 (2000) ప్రకారం ఇనుము వేసే కాంక్రీటుకు వాడే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు. తీరపుగాలి తగిలే చోట్లను అది తీవ్రమైన పరిస్థితిగా లెక్కించి, ఎం30 కాంక్రీటు, చువ్వ మీద 45 మిల్లీమీటర్ల కవరు ఉండాలంటుంది. మన దగ్గర జరిగేదేమిటి? చువ్వల కింద ఇంత కంకరముక్క దోపి, అది జారిపోయినా చూసుకోకుండా కాంక్రీటు పోసేస్తారు. చువ్వ సెంట్రింగు రేకును ముద్దు పెట్టుకుంటూ ఉంటుంది. కవరు బ్లాకులు కొనడానికి పట్టే సొమ్ము గేటుకు వేసే రంగుపాటి చేయదు.

నీటి మోతాదూ అంతే. 50 కిలోల బస్తాకు 25 లీటర్లకు మించితే బలం తగ్గుతుంది. పనివాళ్ళకు మాలు జారుగా ఉంటే పని తేలిక, అందుకని ఇంకో బకెట్టు కుమ్మరిస్తారు. నేను బకెట్లు లెక్క పెడుతూ కూర్చుంటే మొదట్లో నవ్వుకున్నారు. “పంతులుగారు హాజరు వేస్తున్నారు” అని ఒక కుర్రవాడు అన్నాడు. వేశాను మరి.

చువ్వల తూకం కూడా ఎవరైనా సరిచూసుకోవచ్చు. చువ్వ మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకొని, వర్గం చేసి, 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. 12 మిల్లీమీటర్ల చువ్వ మీటరుకు 0.89 కిలో, పన్నెండు మీటర్ల పొడుగు చువ్వ సుమారు పది కిలోల ఏడువందల గ్రాములు ఉండాలి. తెలుగు పండితుడికి ఈ లెక్కలెందుకు అనుకున్నవాడు రెండు చువ్వలు తూచి చూపించాక గౌరవంగా మాట్లాడాడు.

ఇక మా స్లాబు కథ. ఆ ఏడు శరత్కాలమంతా ఇసుక కరవు. కృష్ణ ఒడ్డున పుట్టి ఇసుకకు కరవేమిటని ఆశ్చర్యపడ్డాము. సముద్రం వైపు ఇసుక చవకగా తెస్తానన్నాడు ఒక ట్రాక్టరాయన. అందులో ఉప్పుంటుందని వద్దన్నాము. ఏటి ఇసుక కోసం మూడు వారాలు పని ఆపుకున్నాము. ఎట్టకేలకు 2020 మార్చి మూడవ వారంలో స్లాబు పోశాము. నాలుగు రోజులు తిరగకుండానే కరోనా లాక్‌డౌను వచ్చి పడింది. పనివాళ్ళు ఊళ్ళకు వెళ్ళిపోయారు. తీపినీళ్ళ ట్యాంకరు రాలేదు. స్లాబు మీద మడులు కట్టి నీరు నిలపాలి. మామూలు సిమెంటుకు కనీసం ఏడు రోజులు, బూడిద కలిసిన సిమెంటుకు పది రోజులు తడి ఆరకూడదన్నది ప్రమాణం. ఎండ మండుతోంది. పక్కనే బోరు ఉంది, మీట నొక్కితే చాలు. కాని అది ఉప్పునీరు.

నేనూ మా ఇంటావిడా తెల్లవారుజామున కుళాయి వచ్చే గంటసేపు డ్రమ్ములు నింపుకొని, సందు చివరి అద్దె ఇంటి నుంచి బిందెలతో, బకెట్లతో మోసుకొచ్చి, నిచ్చెన ఎక్కి పోశాము. పధ్నాలుగు రోజులు! అరవై దాటిన దంపతులకు అదొక వ్రతమైంది. మా అబ్బాయి హైదరాబాదు నుంచి ఫోనులో, “ఈ వయసులో ఎందుకు నాన్నా? ఇక్కడే ఒక ఫ్లాటు కొనుక్కుంటే పోయేది కదా” అన్నాడు. వాడన్నదీ నిజమే. కాని ఆ స్లాబులో ప్రతి మూలా నాకు తెలుసు. కొన్న ఫ్లాటులో గోడ లోపల ఏముందో ఎవరికి తెలుసు?

లెక్కపుస్తకం

మొదట వేసుకున్న అంచనా 19 లక్షలు. అయినది 27 లక్షలు. పెరిగిన ఎనిమిది లక్షలూ ఎక్కడివో వ్రాసి పెట్టుకున్నాను, ఎవరికైనా పనికివస్తాయని: మెరక తొంభైవేలు, ప్రహరీ లక్షా అరవైవేలు, బోరు, నీళ్ళ సంపు, సెప్టిక్ ట్యాంకు లక్షన్నర, వంటింటి అలమరలు లక్షా నలభైవేలు, ఇసుక, ఇనుము ధరల తేడా లక్షా ఇరవైవేలు, నడుమ మనసు మార్చుకొని చేయించిన మార్పులు లక్షా నలభైవేలు. చదరపుటడుగు ధరలో వీటిలో ఒక్కటీ ఉండదు. ఎవరైనా చదరపుటడుగు ధర చెబితే దానిలో ఏమేమి లేవో ముందు అడగండి. కాగితం మీద వ్రాయించుకోండి. ప్లాను మంజూరయ్యాక గోడలు జరపకండి. జరిపిన ప్రతి గోడకూ రెండు కూలీలు – కట్టినందుకొకటి, కూల్చినందుకొకటి.

పనివాళ్ళ కూలి మాత్రం శనివారం దాటనీయకండి. లాక్‌డౌనులో మేస్త్రీకి, నలుగురు పనివాళ్ళకు చేయగలిగినంత పంపాము. జూనులో పని మొదలైనప్పుడు నలుగురూ తిరిగి వచ్చారు. అది మా గొప్ప కాదు. ఇల్లు వాళ్ళ చేతుల్లో ఉంది. మనం కూర్చొని చూడని వేళ వాళ్ళు ఎట్లా కట్టారన్నదే ఇంటి ఆయుర్దాయం.

బయటి మెట్లు

మేస్త్రీది దివిసీమ. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండుగా చీలి, ఆ పాయల నడుమ సముద్రం దాకా సాగే లంక అది. డాబా మీదికి మెట్లు ఇంటి లోపలినుంచి ఉంటే దొంగల భయం ఉండదని నా ఆలోచన. ఆయన వద్దన్నాడు. మెట్లు బయటే ఉండాలి, వాటికి తలుపు ఉండకూడదు అన్నాడు. మట్టం విషయంలో ఒకసారి మాట నెగ్గించుకున్నాడు గనుక ఈసారి నేను కొంచెం విసుక్కున్నాను. అప్పుడు చెప్పాడు.

1977 నవంబరు 19. ఆయనకు ఎనిమిదేళ్ళు. వాళ్ళది తాటాకు ఇల్లు. ఊళ్ళో డాబా ఒక్కటే. నీళ్ళు వస్తున్నాయని పరుగెత్తి ఆ ఇంటికి వెళ్ళారు. మెట్లు ఇంటి లోపల. తలుపులు వేసి ఉన్నాయి. “వాళ్ళు చెడ్డోళ్ళు కాదు మాస్టారూ. గాలి హోరుకి మా కేకలు వినబళ్ళేదు. వినబడితే తీసేవోళ్ళే” అన్నాడు. తండ్రి ఆయన్ను తుమ్మచెట్టు మీదికి విసిరి, తానూ పట్టుకున్నాడు. తెల్లవారేసరికి ఇద్దరే మిగిలారు. తల్లీ చెల్లెలూ లేరు.

ఆ ఉప్పెనకు నాకు 18 ఏళ్ళు. భాషాప్రవీణ చదువుతున్నాను. బందరు నుంచి సహాయానికి వెళ్ళిన విద్యార్థుల్లో ఒకణ్ణి. సముద్రం వైపు ఊళ్ళలో ఇళ్ళుండిన చోట ఇళ్ళు లేవు. అలికిన అరుగుల గుర్తులున్నాయి. అధికారిక లెక్క ప్రకారమే దాదాపు పదివేలమంది పోయారు. ఎక్కువమంది పోయినది గాలికి కాదు, నీటికి. అంతకు పూర్వం 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెనకు ముప్పైవేలమంది పోయారని చరిత్ర. 1990 మేలో కృష్ణ ముఖద్వారం దగ్గర మరొక పెనుతుపాను తీరం దాటినప్పుడు మృతులు వెయ్యి లోపే. ముందు హెచ్చరిక అందింది, లక్షలాది జనాన్ని ఎత్తైన చోట్లకు తరలించారు. మధ్యకాలంలో పక్కా ఇళ్ళూ, తుపాను షెల్టర్లూ వచ్చాయి.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. మూడడుగుల మట్టం వాననీటికీ, కాలువ పొంగుకూ పనికివస్తుంది గాని, అయిదు మీటర్ల ఉప్పెనకు కాదు. హెచ్చరిక వినగానే తరలి వెళ్ళడమే దానికి మార్గం. వెళ్ళలేకపోయినవారికి ఒక గట్టి డాబా, దాని మీదికి బయటినుంచి తెరిచి ఉన్న మెట్లు. అంతకు మించి సొంతిల్లు ఏమీ చేయలేదు. అంతమాత్రం చేయగలిగితే అది మన ఒక్కరి ఇల్లే కాదు, వీధి వారందరిదీ.

మా మెట్లు బయటే ఉన్నాయి. తలుపు లేదు.

ఇక్కడ మరొక ఇంటి మాట చెప్పకపోతే ఈ టపా మధ్యతరగతి వాడి సొంత గోడుగా మిగిలిపోతుంది. 2020 డిసెంబరు నుంచి రాష్ట్రమంతటా పేదలకు ఇళ్ళస్థలాల పట్టాలు పంచారు. పల్లెల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు. ఇల్లు కట్టుకోవడానికి లక్షా ఎనభైవేలు. మా ఇంట పనికి వచ్చే అమ్మాయికీ స్థలం వచ్చింది, ఒకప్పటి వరిచేలో. పట్టా చేతికి వచ్చిన రోజు ఆమె ముఖం చూడవలసినదే. తరువాత వాన వచ్చింది. సెంటు స్థలానికి మూడడుగుల మెరక అంటే పదమూడు ట్రక్కులు. ఆ కుటుంబానికి అది నెలల తిండి. నా అభిప్రాయం ఏ పక్షంవారు వినినా ఒకటే: డెల్టాలో మెరక లేని స్థలం సగం స్థలం. స్థలమిచ్చేవారు ఏ ప్రభుత్వమైనా మెరకా, మురుగు పోయే కాలువా, తీపినీళ్ళూ ఇచ్చి ఆ తరువాత పట్టా ఇవ్వాలి. ఇంటి పైన రంగూ పేరూ ఎవరివైనా కానీయండి, కింద మట్టి మాత్రం గట్టిగా ఉండాలి.

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ రెండు రోజులూ మాకు ఎడతెరిపి లేని వాన. మా సందులో నీరు లేచి మూడు మెట్లు మునిగాయి. నేను కోసేద్దామనుకున్న అడుగు అంటే రెండు మెట్లు. కోసి ఉంటే ఒక్క మెట్టు మిగిలేది. వీధిలో లారీ వెళితే లేచే అల చాలు, గచ్చు మీదికి రావడానికి. ఆ రాత్రి పనమ్మాయి కుటుంబమూ, పక్కవాళ్ళూ కలిసి తొమ్మిదిమంది మా వరండాలోనూ, ముందుగదిలోనూ పడుకున్నారు. మా ఇంటావిడ పెద్దగిన్నె ఎక్కించి ఉప్పుపిండి చేసింది. పొద్దున్నే మేస్త్రీ ఫోను చేసి, “ఎన్ని మెట్లండీ?” అన్నాడు. మూడన్నాను. “సరేనండి” అని పెట్టేశాడు.

సాదా వేపతలుపు వానకు ఉబ్బి సరిగా పడటం లేదు. ఈ వేసవిలో చిత్రిక పట్టించాలి.

బెంగుళూరు నాయనా, నీ ప్రశ్నకు ఇదీ జవాబు. ఈసారి ఊరు వచ్చినప్పుడు బొమ్మ పక్కన పెట్టి, ఒక టేపూ, ఒక సీసా పట్టుకొని రా. టేపుతో రోడ్డు ఎత్తు కొలుద్దాం. సీసాలో బోరునీళ్ళు పట్టి పరీక్షకు పంపుదాం. ఒక గొయ్యి తవ్వి మట్టి చూద్దాం. ఆ తరువాత చదరపుటడుగు మాట మాట్లాడుకుందాం.

మిత్రులలో ఇల్లు కట్టి చూసినవారు తమతమ ఊళ్ళ మట్టి సంగతులు వ్రాస్తే సంతోషిస్తాను. నా లెక్కల్లో పొరపాట్లుంటే దిద్దగలరు. దిద్దించుకోవడం ఈ వయసులో అలవాటు చేసుకుంటున్నాను.

స్వస్తి.